బాయి జోడు ఎక్కిన ఓడ

నేను సముద్రం చూడలేదు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు డెబ్భై నాలుగేళ్లు పట్టింది. ఎందుకంటే కోసిగి చుట్టుపక్కల సముద్రం గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ప్రేమయ్యే అని నాకు పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. యాభై ఏళ్లు కష్టపడి అబద్ధాలు చెబితే వచ్చింది.

మా ముత్తాతలు ఇద్దరు ఓడలో పనిచేశారని చెప్పేవాణ్ణి. అది ఎంత పొడుగు ఓడంటే, ముందు కొసన దీపం వెలిగించి రమ్మని పంపిన మనిషి వెనక కొసకు తిరిగి వచ్చేసరికి గడ్డం నెరిసిపోయేది. సముద్రం ఎంత ఉప్పంటే, గంపలో మామిడికాయలు పోసి తాడుతో దించి మూడోనాడు పైకి లాగితే ఊరగాయ అయి ఉండేది, కారం మాత్రం మనమే కలుపుకోవాలి. ఓడ మీద చోటు ఖాళీగా ఉంది కదా అని మట్టి పోసి జొన్న వేశారు. ఆ ఏడూ వాన రాలేదు. ఇక్కడ పెద్దవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. పిల్లలు మాత్రం తలలు ఊపేవాళ్లు. వాన రాకపోవడం వాళ్లకు అబద్ధంలా అనిపించేది కాదు.

నేను చదివింది మిషన్ బడిలో అయిదో తరగతి. నాకు తెలిసిన సముద్రమంతా పాఠం పుస్తకంలోని ఒక ఓడ బొమ్మ, ఆదివారం పాస్టరయ్య చెప్పే తుపాన్లు. ఆ కాస్త సరుకుతోనే యాభై ఏళ్లు ఓడ నడిపాను. ఓడ ఏడాదికి నాలుగు గజాలు పెరిగేది. చేపలు ఏడాదికేడాది లావెక్కేవి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ మారలేదు. ఆ ముత్తాతల పేర్లు దాసన్న, గోపన్న. దాసన్న తెరచాప కొయ్య ఎక్కేవాడు, గోపన్న కింద నిలబడి అతని నడుముకు కట్టిన తాడు పట్టుకునేవాడు. ఇంకొకడు తాడు పట్టుకుంటే దాసన్న కొయ్య ఎక్కేవాడు కాదు. వయసు మళ్లాక ఇద్దరూ మచిలీపట్నంలో ఓడ దిగి, నడుచుకుంటూ మన ఊరికి వచ్చి, ఒకే ఇల్లు కట్టుకుని, ఒకే మంచం వేసుకుని, ముసలివాళ్లయ్యేదాకా బతికారు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఇంతే చెప్పేవాణ్ణి. ఇందులో ఎవరూ నవ్వడానికి ఏమీ ఉండేది కాదు. ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు.

మొన్న క్రిస్మస్ పోయిన మూడు వారాలకు మా అన్న మనవడు యేసుప్రసాద్ వచ్చాడు. కర్నూలులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాడు, ముప్పై ఒకటి నిండాయి. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు, జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయారు. కత చెబుదామంటే వినే దిక్కు లేక నాకు నోరు దురదగా ఉంది. వాడు వచ్చీ రాగానే ఒక కాగితాల కట్ట నా ఒళ్లో పెట్టాడు. మూడు వందల ఇరవై పేజీలు. నవల రాశాడట. రెండు వందల నలభై ఏళ్ల కిందట తెరచాపల ఓడలో పనిచేసిన ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. పేర్లు దాసన్న, గోపన్న.

నా చూపు అంతంత మాత్రమే కాబట్టి వాడే రెండు రోజులు కూర్చుని చదివి వినిపించాడు. నా జొన్న చేను తీసేశాడు. ఊరగాయ తీసేశాడు. ఓడనైతే నరికి నరికి నలభై గజాలకు తెచ్చాడు. ఇంత చిన్న ఓడలో ఎట్లప్పా కాపురం చేసేది అని అడిగాను. ఆ కాలం ఓడలు అంతే ఉండేవని, లెక్కలు చూసి రాశానని అన్నాడు. చరిత్ర చదివినవాడు కదా, ఏ గాలికి ఏ తెరచాప దించుతారో, ఓడ పనివాళ్ల మేస్త్రీ సరంగు ఎవరి మీద అరుస్తాడో అన్నీ వెతికి పట్టుకొచ్చాడు.

అందులో నీళ్ల గొడవ ఉంది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి మాత్రం మనిషికి రోజుకు ఒక చెంబు. గోపన్నకు జ్వరం తగిలితే దాసన్న తన చెంబులో సగం అతని నోట్లో పోసి, తాను తడి గుడ్డ చప్పరించి పడుకుంటాడు. అక్కడ నేను వాణ్ణి ఆపి, ఇది కోసిగి మనిషి రాసిందని ఎవరికైనా తెలిసిపోతుందన్నాను. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకున్న తల్లి కొడుకు కాబట్టి అది రాయగలిగాడు. కృష్ణ ఒడ్డున పుట్టిన వాడికి అది తట్టేది కాదు.

ఇద్దరూ మొదటిసారి చేతులు పట్టుకునే చోట వాడు తల దించుకుని గబగబా చదివాడు. తర్వాత రెండు కాగితాలు ఒకేసారి తిప్పేశాడు. ఆ కాయితం ఎందుకు దాటేసినావు, వెనక్కి తిప్పు అన్నాను. తిప్పి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. బాగుందప్పా, కాకపోతే గోపన్న మాటలు ఎక్కువ చెబుతున్నాడు, తాడు పట్టేవాడు అంత మాట్లాడడు అన్నాను. వాడు నవ్వి పెన్నుతో ఏదో కొట్టేసుకున్నాడు.

చివర తుపానులో కొయ్య మీది నుంచి పడి దాసన్న మునిగిపోయాడు. గోపన్న ఒంటరిగా ఒడ్డు చేరాడు. అది నాకు గొంతు దిగలేదు, కానీ రాసినవాడు వాడు కదా అని ఊరుకున్నాను.

కట్ట మూసి వాడు అసలు మాట ఎత్తాడు. కర్నూలులో ఒకాయన పుస్తకం అచ్చు వేస్తానన్నాడట. అట్ట మీద ఏ పేరు వేయాలో శుక్రవారం లోపల చెప్పమన్నాడట. అప్పటికి బుధవారం సాయంత్రం.

"తాతా, జయకుమార్ సంగతి నీకు తెలుసు" అన్నాడు.

తెలుసు. ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. పోయినేడు కళ్ల ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు వాళ్లింట్లోనే తిన్నాను.

"పప్పు ఆయప్పే కదా చేసేది. నీకు యాడ చేతనవుతాది" అన్నాను.

వాడు నవ్వలేదు. "పదేండ్లప్పుడు నీ కత విన్యా తాతా. మన ఇంట్లో నాలాంటోళ్లు ముందే ఉన్న్యారు, ఒకే ఇంట్లో ముసలోళ్లయినారు అని. ఆ ఒక్క మాట పట్టుకొని పెరిగినా. వాళ్లు నిజంగా ఉండింటే నా పేరే ఏసుకుంటా. నీ కల్పన అయితే ఏదో ఒక దొంగ పేరు పెట్టుకుంటా. ఇంత దూరం వచ్చింది అది అడగడానికే."

ఇంతకాలం ఎవరికీ పనికిరాని అబద్ధాలు చెప్పాను. పనికొచ్చే అబద్ధం ఒకటి మొదటిసారి నా నాలుక కొసకు వచ్చి కూర్చుంది. ఉన్నారు అనేస్తే చాలు. చెప్పాలనే నోరు తెరిచాను. వాడి ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. ఊరందరి ముందు పేరు పెట్టుకుని నిలబడబోతున్నవాడి కాళ్ల కింద నా ఉత్త గాలి పెట్టకూడదు.

"ఓడ అబద్ధమప్పా" అన్నాను. "మా ముత్తాత ఆదోని దాటిన పాపాన పోలేదు."

"అది నాకు తొమ్మిదో తరగతిలోనే తెలుసు. నేను అడుగుతాండేది ఓడ గురించి కాదు. ఆ ఇద్దుర్ని యాడ నుంచి తెచ్చినావు?"

అప్పుడు చెప్పాను, యాభై ఏళ్లుగా మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పనిది.

డెబ్భై రెండు కరువులో నేను బావులు తవ్వే గుంపులో చేరాను. ఆ గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. బావిలోకి దిగేవాడు తన తాడు ఎవరు పట్టాలో తానే ఎంచుకుంటాడు. ఆ ఇద్దరినీ బాయి జోడు అనేవాళ్లు. పని అయిపోతే జోడు విడిపోయేది, ఇంకో బావికి ఇంకో జోడు. పుల్లయ్య, చిన్న ఈరన్నల జోడు మాత్రం ఎన్ని బావులైనా విడిపోలేదు. పుల్లయ్య దిగేవాడు, ఈరన్న పట్టేవాడు. ఈరన్నకు ఒకసారి ఇంట్లో వాళ్లు సంబంధం చూశారు. పిల్లను చూడటానికి పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి బావి దగ్గరికి వచ్చేశాడు. ఏమయిందంటే, రేపు తాడు ఎవరు పడతారు అన్నాడట. గుంపంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు.

ఒకరోజు నేను దిగాను. యాభై అడుగుల కింద బండకు నాలుగు బొక్కలు కొట్టి, పేలుడు మందు కూరి, వత్తులు అంటించి తాడు కదిలించాను. పైవాళ్లు లాగారు. సగం దూరం వచ్చాక తాడు తెగింది. కింద పడ్డాను, కాలు విరిగింది. నాలుగు వత్తులూ నా పక్కనే కాలుతున్నాయి. పైన అందరూ అరుస్తున్నారు, ఎవరూ దిగడం లేదు. పుల్లయ్య బావిలోకి చూడను కూడా లేదట. ఈరన్న ముఖంలోకి చూశాడట. ఈరన్న తమ జోడు తాడు వీపుకు చుట్టుకుని రాయికి కాలు ఆనించాడట. అంతే, పుల్లయ్య దిగేశాడు. నన్ను వీపుకు కట్టుకున్నాడు. ఇద్దరి బరువూ మొదట ఈరన్న ఒక్కడే లాగాడు, తర్వాతే తక్కినవాళ్లకు బుద్ధి వచ్చి చేతులు వేశారు. మేము గట్టు మీద పడీ పడకముందే బావి పేలింది. ఆ చప్పుడుకు పుల్లయ్య ఎడమ చెవి పోయింది. అప్పటి నుంచి ఈరన్న ఎప్పుడూ అతనికి ఎడమ పక్కనే నడిచేవాడు, వెనక బండి వస్తే చెయ్యి పట్టి పక్కకు లాగడానికి.

కాలు కదల్చకూడదని నెల రోజులు వాళ్ల గుడిసెలోనే ఉన్నాను. సంగటిలో ఉప్పు గురించి పోట్లాడుకునేవాళ్లు. పని నుంచి వచ్చాక ఈరన్న నూనె వెచ్చచేసి ఆ చెవిలో పోసేవాడు, అది ఇక వినదని తెలిసి కూడా. నాకు అప్పటికి పెళ్లయి ఏడాది. మొగుడూ పెళ్లాలంటే ఏమిటో నాకంతో ఇంతో తెలుసు. వాళ్లను చూస్తే నాకు తెలిసింది చాలా తక్కువ అనిపించింది.

ఇంటికి వచ్చాక ఈ సంగతి చెప్పకపోతే గుండె పగిలేట్టు ఉంది. ఉన్నదున్నట్టు చెబితే వాళ్ల గుడిసె ముందు జనం చేరతారు. అందుకని ఇద్దరికీ పేర్లు మార్చి, రెండు వందల ఏళ్లు వెనక్కి నెట్టి, ఎవరూ నడిచి పోలేనంత దూరంలో ఓడ ఎక్కించాను. తాడు మాత్రం అదే తాడు. మా ముత్తాతలని ఎందుకన్నానంటే, వాళ్లు లేకపోతే నేను లేను, నా పిల్లలు లేరు. అంత చేసినవాళ్లను పరాయివాళ్లని ఎట్లా అంటాను?

 వాళ్లు ఉన్నారా అని యేసుప్రసాద్ అడిగాడు. పుల్లయ్య పోయి ఎనిమిదేళ్లయింది. ఈరన్న మంత్రాలయంలో చెల్లెలి మనవరాలు శివాని దగ్గర ఉంటాడు, ఆ పిల్లకు టెంకాయల అంగడి ఉంది. నేను ఆయనను చూసి రెండేళ్లయింది. వాళ్ల సంగతి నేను ఊరూరా కతగా చెప్పానని ఆయనకు తెలుసో తెలియదో, తెలిస్తే ఏమంటాడో అని ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. రేపు పోదాం, ఆయనను అడగకుండా అచ్చు వేయకూడదు అన్నాడు యేసుప్రసాద్. 

గురువారం మంత్రాలయంలో జనం తెలిసిందే. అంగడి పక్కన గోనె మీద కూర్చుని ఈరన్న టెంకాయలకు పీచు తీస్తున్నాడు. ఎనభై దాటాయి, వేళ్లు మాత్రం అవే. నన్ను చూసి, ఏమిరా ప్రేమయ్యా, ఇంకా పోలేదా అన్నాడు. నువ్వు దారి చూపిద్దువని కాచుకున్నాను అన్నాను. శివాని మాకు స్టూళ్లు వేసి బేరాలు చూసుకోవడానికి ముందుకు పోయింది.

యేసుప్రసాద్ తానెవరో చెప్పి, పుస్తకం సంగతి మెల్లగా చెప్పాడు. నేను తల ఎత్తలేదు. ఈరన్న పీచు లాగుతూనే ఉన్నాడు.

"ఓడ కతేనా" అన్నాడు. "పుల్లయ్యకి శానా ఇష్టం అది. మీ ఊరి పిల్లోళ్లు మేకలు తోలుకొని వస్తే బెల్లం పెట్టి చెప్పించుకునేటోడు. ఈ యేడు ఓడ ఎంత పెరిగింది రా అని."

యాభై ఏళ్లుగా నేను దాచిపెట్టానని అనుకున్నది, ఆ ఇంట్లో బెల్లం ఇచ్చి చెప్పించుకుంటున్నారు. నేను కళ్లు తుడుచుకున్నాను. దుమ్ము అనుకోనీ.

"మంచం ఒకటే అని చెప్పినావంట. రెండు ఉన్న్యాయిరా" అన్నాడు ఈరన్న. "వాని గురకకి పక్కన ఎవురు పండుకుంటారు."

యేసుప్రసాద్ నవ్వుతూ కాగితాల మీద రాసుకున్నాడు. తర్వాత, చివర ఏమవుతుందో కూడా చెప్పాలి కాబట్టి చెప్పాడు. తుపాను, తాడు జారడం, దాసన్న మునిగిపోవడం.

ఈరన్న చేతులు ఆగిపోయాయి. టెంకాయ ఒళ్లోకి దించాడు.

"పుల్లయ్య మునిగినాడా?"

"కతలో, తాతా."

"వాడు మునగడు. బాయిలో పడిన బిందెలన్నీ తలకిందులుగా దూకి తీసినోడు వాడు." తల ఎత్తి యేసుప్రసాద్ వైపు చూశాడు. "నేను తాడు ఇడిస్తేనే కదా వాడు పడేది. నేను ఇడిసినట్ల రాసినావా నువ్వు?"

యేసుప్రసాద్ ముఖం పాలిపోయింది. అంత చదువుకున్నవాడు, ఓడ గురించి అన్నీ వెతికినవాడు, ఇది చూసుకోలేదు. రెండు రోజులు విన్న నేనూ చూసుకోలేదు.

"ఇట్లాంటోళ్లు ముసలోళ్లయ్యేదాకా కలిసి బతికినారని రాస్తే ఎవురూ నమ్మరనుకున్యా" అన్నాడు.

"మంచం మీద పోయినాడు వాడు. పొద్దున పూట. చెయ్యి నా చేతిలోనే ఉండె" అన్నాడు ఈరన్న. "నమ్మేటోళ్లు నమ్ముతారు. ఉండేది ఉండేట్ల రాయి."

యేసుప్రసాద్ అక్కడే, ఆ స్టూలు మీదే, చివరి పద్దెనిమిది కాగితాలు కట్టలోంచి తీసి, నాలుగుగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. కొత్తగా రాస్తాను తాతా, ఒడ్డు చేరతారు, ఇద్దరూ అన్నాడు. ఆ రెండో మంచం కూడా వేస్తానన్నాడు. పేర్లు మార్చాను కదా, అట్లాగే ఉంచనా అని అడిగాడు. ఈరన్న ఆలోచించలేదు. దాసన్న ఎవరో గోపన్న ఎవరో నాకు తెలియదు, మా పేర్లు మాకున్నాయి, అవే వెయ్యి అన్నాడు.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మా వైపు ఇట్లాంటివి నోటితో చెప్పుకోము, పెట్టాల్సిన చోట రెండు ముద్దలు ఎక్కువ పెడతాము, అంతే. అయినా చెప్పాను. "అన్నా, మీరిద్దురూ నన్ను పైకి తెచ్చినారు. నాకు నలుగురు పిల్లలు, తొమ్మిది మంది మనవళ్లు, మనవరాళ్లు. పుల్లయ్యన్న ఉన్నప్పుడే ఈ మాట చెప్పల్సింది. చెప్పలేక కత కట్టినా."

"చెప్పినావు కదా, యాభై ఏండ్లుగా చెప్తానే ఉండావు" అన్నాడు ఈరన్న, మళ్లీ టెంకాయ అందుకుంటూ. "కాకుంటే జొన్న చేను కొంచెం ఎక్కువైందిరా."

ఇంతలో యేసుప్రసాద్ ఫోను మోగింది. అచ్చు వేసే ఆయన. ఒక రోజు ముందే తొందరపడ్డాడు. అంగడి ముందు బస్సు దిగిన యాత్రికుల గోల, మైకులో గది నంబర్లు చదువుతున్నారు. వాడు లేచి రోడ్డు వైపు నాలుగు అడుగులు వేసి, ఒక చెవి చేత్తో మూసుకుని మాట్లాడాడు. అవతల వినిపించడం లేదు. మొదట మామూలుగా చెప్పాడు. తర్వాత కొంచెం గట్టిగా. మూడోసారి ఆ రోడ్డంతా వినబడేట్టు అరిచాడు.

"యేసుప్రసాద్ సార్. నా సొంత పేరే. తండ్రి దావీదురాజు, కోసిగి మండలం. అవును సార్, అట్ట మీద అదే ఏయండి."

టెంకాయలు బేరమాడుతున్న ఇద్దరు ముసలమ్మలు తిరిగి చూశారు. శివాని కూడా చూసింది. వాడు ఎవరినీ చూడకుండా ఫోను జేబులో వేసుకుని, వచ్చి స్టూలు మీద కూర్చుని, మొదటి కాగితం పైకి తీశాడు.

"గట్టిగా చదువప్పా" అన్నాడు ఈరన్న. "కాయితాలు దాటెయ్యొద్దు."